హైదరాబాద్ చుట్టుపక్కల పక్షులు చూడాలంటే ఏ జలాశయానికి వెళ్లాలి?

చలికాలం మొదలవగానే తెలిసినవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "ఈ ఆదివారం పక్షుల్ని చూద్దామనుకుంటున్నాం. గండిపేటకి వెళ్లమంటారా, మంజీరకి వెళ్లమంటారా?" నేను వెంటనే పేరు చెప్పను. ఏ నెలలో వెళ్తున్నారు, ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరగలరు అని ముందు అడుగుతాను. అక్టోబర్‌లో బోసిగా కనిపించిన జలాశయమే ఫిబ్రవరిలో కిటకిటలాడుతుంది. పొద్దున్న ఏడింటికి సందడిగా ఉన్న ఒడ్డు పదింటికి ఖాళీ అయిపోతుంది. జలాశయం పేరు చూసి వెళ్తే నిరాశే మిగలొచ్చు. నీళ్లు ఎంత ఉన్నాయో చూసుకుని వెళ్తే ఏదో ఒకటి తప్పకుండా దొరుకుతుంది.

ఈ సంగతి తెలియడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది. అప్పట్లో ప్రతి ఆదివారం గండిపేట కట్ట దగ్గరికి వెళ్లి నిలబడేవాణ్ని. ఎదురుగా ఎటు చూసినా నీళ్లే. ఎక్కడో దూరంగా నల్లచుక్కల్లా నాలుగు నీటికాకులు. ఒకరోజు అక్కడ వల సర్దుకుంటున్న పెద్దాయన నన్ను చూసి, "ఈడ లోతెక్కువ సార్, పిట్టలకు ఈడ ఏం దొరుకుతది? వాగు వచ్చే దిక్కుకు పోండ్రి" అన్నాడు. మరుసటి వారం అటు వెళ్లాను. ఒక్క పూటలో అంతకుముందు రెండేళ్లలో చూసినన్ని రకాలు చూశాను.

ఆయన చెప్పింది ప్రతి చెరువుకీ వర్తిస్తుంది. కట్ట వైపు, తూము దగ్గర, లోతు ఎక్కువ. ఏరు వచ్చి కలిసే వైపు నేల మెల్లగా ఎక్కుతూ పోతుంది కాబట్టి నీళ్లు సన్నబడతాయి. తెలంగాణలో శిఖం అనే నేల అదే. నీటిపక్షుల్లో చాలావాటికి తిండి వాటి కాళ్లంత, మెడంత లోతులోనే దొరుకుతుంది. ఉల్లంకి పిట్టలకు వేలెడు నీళ్లు చాలు. కొంగలకు మోకాలిలోతు కావాలి. సూదితోక బాతులాంటివి తల ముంచి, తోక పైకెత్తి, మెడ అందినంత మేరే వెతుక్కుంటాయి. లోతుకు మునిగి చేపలు పట్టే నీటికాకుల్లాంటి కొన్నింటికే నడిమధ్య నీళ్లతో పని. అందుకే మీరు ఏ జలాశయం ఎంచుకున్నా, మ్యాపులో ముందు కట్ట ఎక్కడుందో చూడండి, తర్వాత దానికి ఎదురు కొసకి దారి వెతకండి.

నీటిమట్టం తెలుసుకోవడం హైదరాబాద్ వాళ్లకు సులువు. ఉస్మాన్‌సాగర్ (గండిపేట చెరువు అసలు పేరు ఇదే), హిమాయత్‌సాగర్ రెండూ తాగునీటి జలాశయాలు కాబట్టి వాటి మట్టాలను జలమండలి రోజూ చెబుతుంది, వానాకాలంలో పేపర్లలోనూ వస్తాయి. ఉస్మాన్‌సాగర్ పూర్తి మట్టం 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1763.5 అడుగులు. మట్టం ఆ అంకెకి ఒకటి రెండు అడుగుల్లోపు ఉందంటే ఒడ్డున బురదమేట పెద్దగా బయటపడలేదని అర్థం. ఆ వారం నేనైతే వేరే చోటికి వెళ్తాను. అయిదారు అడుగులు దిగిందంటే మాత్రం ఇంకెక్కడికీ వెళ్లను. ఈమధ్య వానాకాలాల్లో గేట్లు ఎత్తేంతగా ఇవి తరచూ నిండుతున్నాయి. ఊరికి మంచిదే. పక్షులు చూసేవాళ్లు మాత్రం జనవరి దాటేదాకా ఓపిక పట్టాలి.

గండిపేటా, హిమాయత్‌సాగరా?

రెండూ 1908 మూసీ వరద తర్వాత వచ్చినవే. ఊరిని మళ్లీ ముంచకుండా మూసీ మీద ఉస్మాన్‌సాగర్‌ను 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్‌ను 1927లో కట్టారు. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసింది 1931-32లో. అప్పటికి హిమాయత్‌సాగర్ నిండా అయిదేళ్ల కొత్త చెరువు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. మనిషి కట్టిన గోడ వెనక నిలిచిన నీళ్లను పక్షులు వందేళ్లలో తమ ఊరు చేసేసుకున్నాయి.

నన్ను ఒకటే ఎంచుకోమంటే హిమాయత్‌సాగర్ అంటాను. దాని ఒడ్డు చాలాచోట్ల చదునుగా ఉంటుంది. అందువల్ల మట్టం ఒక్క అడుగు దిగినా పెద్ద విస్తీర్ణంలో తడి నేల బయటపడుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ తడి నేల మీద ఉల్లంకులు, జిట్టంగులు, తీతువులు, తెడ్డుమూతి కొంగలు, కంకణాలు అన్నీ ఒకేచోట తిరుగుతుంటాయి. నీళ్లు బాగా తగ్గిన సంవత్సరాల్లో రాజహంసలు కూడా దిగుతాయి. పొడుగాటి గులాబీ కాళ్లతో, తల కిందులుగా ముక్కును నీళ్లలో ఆడిస్తూ బారులు తీరి నడిచే ఫ్లెమింగోలను పులికాట్ దాకా వెళ్లకుండానే చూడొచ్చు. ప్రతి ఏడూ వస్తాయన్న నమ్మకం పెట్టుకోకండి.

ఇక్కడ ఇబ్బంది దారితోనే. ఔటర్ రింగ్ రోడ్డు మీంచి జలాశయం అందంగా కనిపిస్తుంది గానీ అక్కడ బండి ఆపకూడదు. చాలా ప్రమాదం. కింద సర్వీసు రోడ్డు, అజీజ్‌నగర్ వైపు పల్లె దారులు పట్టుకుని వెళ్లాలి. గేట్లు ఎత్తిన రోజుల్లో సర్వీసు రోడ్డు మూసేస్తుంటారు, కాబట్టి భారీ వానలు పడ్డ వారం అటు వెళ్లకపోవడమే మంచిది. పొడిగా కనిపించే బురదను నమ్మి నీళ్ల వైపు నడవకండి. పైన పెచ్చు కట్టి ఉంటుంది, కింద రొంపి. గేదెలు నడిచిన జాడ ఉన్నచోటే అడుగు వేయాలన్నది నేను అక్కడి పశువుల కాపరుల దగ్గర నేర్చుకున్న పద్ధతి.

గండిపేటకి మార్కులు పడేది ఇంకో లెక్కలో. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్తే, అందరికీ పక్షుల మీద ఒకేలా ఆసక్తి ఉండదు కదా. ఇక్కడ పార్కు ఉంది, కూర్చునే చోటు ఉంది, దగ్గర్లోనే చిలుకూరు బాలాజీ గుడి, మృగవని జాతీయ పార్కు ఉన్నాయి. చిలుకూరు వైపు పొదల్లో, పొలాల్లో నీటిపక్షులే కాక నెమళ్లు, పాలపిట్టలు, జెముడుకాకులు కూడా కనిపిస్తాయి. దసరా నాడు పాలపిట్టను చూడాలని ఊరు దాటి వెళ్లే వాళ్లకు నేను చెప్పేది ఈ దారే. పంజరంలో పెట్టి చూపించే వాళ్ల దగ్గర డబ్బులిచ్చి చూడకండి. కరెంటు తీగ మీద దానంతట అది కూర్చున్న పాలపిట్ట రెక్క విప్పినప్పుడు కనిపించే ఆ నీలం పంజరంలో కనిపించదు.

వెలుతురు సంగతి కూడా చెప్పాలి, చాలామంది ఇక్కడే పొరపడతారు. మూసీ పడమటి నుంచి తూర్పుకు వస్తుంది. అంటే గండిపేట కట్ట తూర్పు కొసన ఉంది, పక్షులుండే పలచటి నీళ్లు పడమటి కొసన. పొద్దున్నే పడమటి కొసకి వెళ్లి నీళ్ల వైపు చూస్తే సూర్యుడు సరిగ్గా కళ్లల్లో పడతాడు. బాతులన్నీ నల్లటి నీడల్లా కనిపిస్తాయి, రంగు తెలియదు, ఫొటో రాదు. కాబట్టి పొద్దున వెళ్తే ఉత్తరం ఒడ్డో దక్షిణం ఒడ్డో పట్టుకుని సూర్యుడు పక్కకి వచ్చేలా నిలబడాలి. సాయంత్రం మూడున్నర, నాలుగింటికి వెళ్తే పడమటి కొస అద్భుతంగా ఉంటుంది. సూర్యుడు మన వీపు వెనక, ఎండ పక్షుల మీద. హిమాయత్‌సాగర్‌కీ దాదాపు ఇదే లెక్క. పక్షులంటే తెల్లవారుజామునే అని అందరూ అంటారు, నిజమే, అడవి పిట్టలకు అది తిరుగులేని మాట. పెద్ద జలాశయాల దగ్గర మాత్రం చలికాలం సాయంత్రాలను తక్కువ చేయొద్దు.

చిన్న పిల్లలతో అయితే అమీన్‌పూర్

మియాపూర్, చందానగర్, బీహెచ్ఈఎల్ వైపు ఉండేవాళ్లకు అమీన్‌పూర్ పెద్ద చెరువు ఇంటి పక్కనే ఉన్నట్టు. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. పోలీసు సిబ్బంది దత్తత తీసుకుని చెత్త తీసి, మొక్కలు నాటి దీన్ని బాగుచేసిన కథ చాలామందికి తెలిసిందే. ఇప్పుడు చుట్టూ అపార్ట్‌మెంట్లు కమ్ముకొచ్చాయి, మురుగు భయం ఉంది. అయినా పిల్లలతో మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను దీన్నే చెబుతాను. చెరువు చిన్నది కావడంతో పక్షులు దగ్గరగా కనిపిస్తాయి. ఏడేళ్ల పిల్లాడి చేతికి బైనాక్యులర్ ఇస్తే వాడు దాన్ని తిప్పుకుని చూసేలోపు గండిపేటలో పక్షి ఎగిరిపోతుంది. ఇక్కడ నామం పెట్టుకున్నట్టు నుదురు తెల్లగా ఉండే నల్ల బొల్లికోడి, నీలంగా మెరిసే నీటికోడి, కొమ్మ మీంచి గభాల్న నీళ్లలో పడే లకుముకి మామూలు కంటికే తెలుస్తాయి. గంటన్నరలో చూసేసి టిఫిన్ టైముకి ఇంటికి రావొచ్చు. పిల్లలకు అంతకంటే ఎక్కువసేపు వద్దు.

రోజంతా ఉంటే మంజీర

ఒక చలికాలంలో ఒక్కసారే వెళ్లగలమనే వాళ్లకు నా జవాబు మంజీర, అదీ జనవరి రెండో సగంలో. సంగారెడ్డికి దగ్గరలో, మంజీర బ్యారేజీ నుంచి పైకి సింగూరు డ్యాం వైపు సాగే నదిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. మొదటి ఉద్దేశం మగ్గర్ మొసళ్లను కాపాడటం. ఆ మొసళ్లే పక్షులకు కూడా ఒకరకంగా కాపలా కాశాయని నా నమ్మకం. మొసలి ఉన్న నీళ్లలోకి మనుషులు ఊరికే దిగరు కదా. నదిలో అక్కడక్కడా లంకలు, వాటి మీద చెట్లు, అంచుల్లో దట్టంగా జమ్ము. కట్టిన జలాశయమే అయినా చూడ్డానికి నదిలాగే ఉంటుంది.

గండిపేట, హిమాయత్‌సాగర్‌లతో పోలిస్తే ఇక్కడి లాభం ఏమిటంటే లోతు నీళ్లు, పలచటి నీళ్లు, జమ్ము, చెట్లు, పక్కనే పొలాలు అన్నీ ఒకేచోట ఉంటాయి. అందుకే మట్టం కొంచెం అటూ ఇటూ అయినా వట్టి చేతులతో తిరిగి రావడం అరుదు. పసుపు ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు ఉండే ఎర్రకాళ్ల కొంగలు, ముక్కు మూసినా మధ్యలో సందు కనిపించే నత్తగుల్ల కొంగలు ఇక్కడ చూడాల్సిందే. నత్తల కోసమే అది అలా ఉందని అనుకుంటే ఆ వింత ముక్కు అందంగా కనిపిస్తుంది. ఆకుల మీద తేలిపోతున్నట్టు నడిచే జకానాలు, జమ్ము మీద తక్కువ ఎత్తులో తేలుతూ బాతుల్ని బెదరగొట్టే చిత్తడి గద్దలు, చేపను కాళ్లతో ఒడిసిపట్టి తీసుకుపోయే చేపలగద్ద కూడా ఉంటాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి జక్కవలు. నారింజ పండు రంగు ఒళ్లు, తల కొంచెం తెల్లన. పగలంతా జంటగా ఉండి రాత్రి ఎడబాటుతో పిలుచుకుంటాయని మన కవులు రాసిన చక్రవాకాలు ఇవే. పద్యాల్లో చదివి వదిలేసిన పక్షిని మంజీర ఒడ్డున నిజంగా చూసిన రోజు, బైనాక్యులర్ దించకుండా చాలాసేపు అలాగే నిలబడిపోయాను. వాటితో పాటు తెల్లటి తల మీద రెండు నల్లటి పట్టీలు ఉండే బాతులు కూడా చలికాలంలో ఇక్కడికి వస్తాయి. ఇంగ్లీషులో బార్ హెడెడ్ గూస్ అనేవి ఇవే. మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాల మీదుగా ఎగిరి వచ్చేవి. రాత్రిళ్లు, తెల్లవారుజామున పొలాల్లో గడ్డి మేసి, పగలు నీళ్ల పక్కన గుంపుగా సేద తీరతాయి. అప్పుడు వాటిని లేపకూడదు. అంత దూరం ఎగిరొచ్చిన పక్షి మన ఫొటో కోసం మళ్లీ ఎగరాల్సిన అవసరం లేదు.

మంజీరకి వెళ్లేవాళ్లు ముందు రోజే అటవీశాఖ వాళ్లతో మాట్లాడుకుంటే మంచిది. వేళలు, అనుమతి తెలుస్తాయి. నీళ్ల అంచుకి మాత్రం వెళ్లకండి. కదలకుండా పడున్న దుంగ దుంగ కాకపోవచ్చు.

పోచారం ఎవరికి?

హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్లు పైనే, మెదక్ దాటి వెళ్లాలి. కాబట్టి తెల్లవారకముందే బయల్దేరాలి, లేదా మెదక్‌లో రాత్రి ఉండాలి. ఒకప్పుడు నిజాం వేటకు వచ్చిన అడవి, అందులోనే పోచారం జలాశయం. నీటిపక్షుల లెక్క ఒక్కటే చూసుకుంటే మంజీర కంటే ఇది మేలు అని నేను అనను. కానీ అడవీ చెరువూ పక్కపక్కనే ఉండటం దీనికి బలం. నీళ్ల దగ్గర పట్టీతల బాతుల్ని చూసి, వెనక్కి తిరిగితే చెట్లలో అడవి పిట్టలు, అదృష్టం ఉంటే దుప్పులు, నీల్గాయిలు. ఇంతకుముందు మంజీర చూసినవాళ్లు, రెండో చలికాలానికి కొత్త చోటు కావాలనుకునేవాళ్లు ఇక్కడికి వెళ్లండి. మొదటిసారే ఇంత దూరం వద్దు. పక్షులు తక్కువగా ఉన్న రోజు తగిలితే మళ్లీ ఎప్పుడూ బయల్దేరరు.

మిగతావాటి గురించి ఒక్కో మాట. శామీర్‌పేట చెరువు ఉత్తరం వైపు వాళ్లకు దగ్గర, మామూలు రోజున ఓ గంట గడపడానికి సరిపోతుంది. వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి జలాశయంలో పడవలు, కయాకులు తిరుగుతాయి కాబట్టి సెలవురోజు పక్షుల కోసం వెళ్లకండి. పటాన్‌చెరులో మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ప్రాంగణంలో మంచి పక్షులుంటాయి, అనుమతి ఉన్నవాళ్లకే లోపలికి దారి.

ఆంధ్రలో ఉండేవాళ్లకు లెక్క కొంచెం మారుతుంది. అక్కడ కొన్నిచోట్ల పక్షులు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి, అంటే వెతకాల్సిన పనే ఉండదు. గుంటూరు పక్కన ఉప్పలపాడు ఊరి చెరువులో తుమ్మచెట్ల మీద పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు కిక్కిరిసి ఉంటాయి. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు పెలికాన్లకే పేరు, ఆ వైపు వాటిని గూడబాతులంటారు. పక్షి తల్లి పిల్లకు తిండి పెట్టడం పిల్లలకు చూపించాలంటే హైదరాబాద్ జలాశయాలేవీ వీటికి సాటి రావు. సంక్రాంతికి గుంటూరు వైపు ఊరెళ్లేవాళ్లు ఉప్పలపాడుకి ఒక పూట కేటాయించుకోండి, ఆటోలో వెళ్లి రావొచ్చు.

మీ ఊరి చెరువును మీరే వెతుక్కోవాలంటే

తెలంగాణలో చిన్నా పెద్దా కలిపి 46 వేలకు పైగా చెరువులున్నాయి. పైన చెప్పిన నాలుగైదు పేర్ల కోసమే ఊరు దాటాల్సిన పని లేదు. ఖమ్మం వాళ్లకు వైరా, పాలేరు, వరంగల్ వైపు వాళ్లకు పాఖాల, నిజామాబాద్ వాళ్లకు శ్రీరాంసాగర్ ఉన్నాయి. మీకు దగ్గరలో ఏది మేలో తేల్చుకోవడానికి నేను చేసే పని ఇది. ఫోన్‌లో, పక్షులు చూసినవాళ్లు తమ జాబితాలు పెట్టే ఈబర్డ్ తెరిచి, ఆ చెరువు పేరు మీద గత నెలలో ఎవరైనా జాబితాలు పెట్టారేమో చూస్తాను. ఎన్ని రకాలు అన్నదానికంటే ఏ నెలలో ఏవి కనిపించాయన్నదే ముఖ్యం. తర్వాత ఉపగ్రహ చిత్రంలో కట్ట, అలుగు, వాగు కలిసే చోటు గుర్తుపట్టి, ఆ కొసకి బండి వెళ్లే దారుందో లేదో చూస్తాను. జాబితాలే లేని చెరువైతే ఇంకా సంతోషం, మొదటి జాబితా మీదే అవుతుంది. ఆపైన అక్కడ చేపలు పట్టేవాళ్లతో, గేదెలు కాసేవాళ్లతో మాట్లాడాలి. "అన్నా, బాతులు ఎటు దిక్కు దిగుతున్నయ్?" అని అడిగితే చాలు, ఏ యాప్ చెప్పని సంగతి చెబుతారు. ఏటా జనవరిలో ఆసియా ఖండమంతా నీటిపక్షుల లెక్కింపు జరుగుతుంది. మీ జిల్లాలో ఎవరైనా చేస్తుంటే వాళ్లతో ఒక్క పూట నడవండి, ఆర్నెల్లు ఒంటరిగా తిరిగినంత నేర్చుకుంటారు.

బైనాక్యులర్ కొనాలంటే 8×42 రకం తీసుకోండి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో. 12 రెట్లు, 20 రెట్లు అని అమ్మేవి చేతిలో వణుకుతాయి, నీళ్ల మీద బాతు నిలవదు. అమీన్‌పూర్‌కి, ఊరి చెరువుకి ఇది చాలు. హిమాయత్‌సాగర్ మధ్యలో కూర్చున్న బాతులు ఏవో తేల్చడానికి మాత్రం ట్రైపాడ్ మీద పెట్టే స్కోపు కావాలి. అది ఖరీదు. కాబట్టి స్కోపు ఉన్నవాళ్లతో కలిసి వెళ్లడమే దారి. కెమెరా ఉంటే మంచిదే, లేకపోతే టెన్షన్ పడొద్దు. పక్షి పేరు తేలకపోతే ముక్కు ఆకారం, కాళ్ల రంగు, అది ఏం చేస్తోంది అన్న మూడూ నోట్‌బుక్‌లో రాసుకుని ఇంటికొచ్చాక చూసుకోవచ్చు.

మార్చి దాటాక వెళ్తే ఎటు అడుగు వేస్తున్నామో చూసుకోవాలి. తీతువు పిట్ట గూడు కట్టదు. రాళ్లలో రాళ్లలా కలిసిపోయే గుడ్లను వట్టి నేల మీదే పెడుతుంది. అది నెత్తి మీద తిరుగుతూ గోలగోలగా అరుస్తుంటే మనం గుడ్ల దగ్గరికి వచ్చామని అర్థం. వచ్చిన దారినే వెనక్కి తిరగండి. బండి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఒడ్డు నేల మీదికి దింపకండి.

ఇప్పుడు ఈ ఆదివారం సంగతి. మట్టం చూసుకోండి. హిమాయత్‌సాగర్ అయిదారు అడుగులు దిగి ఉంటే పొద్దున్న ఆరుంపావుకి బయల్దేరి ఆరూముప్పావుకల్లా ఒడ్డున ఉండండి. జనవరిలో సూర్యోదయం దాదాపు అప్పుడే. మంచు ఉంటే ఏడున్నరదాకా ఏమీ కనిపించదు, ఫ్లాస్కులో టీ తెచ్చుకోండి. ఎనిమిదింటికి కూడా ఒడ్డు ఖాళీగానే ఉంటే అక్కడే నిలబడొద్దు. అజీజ్‌నగర్ మీదుగా గండిపేట ఇరవై నిమిషాలే.